తీగ, గొలుసు, పూస: ఇంటి పట్టున ఒక పని

(మన సంఘం వార్షికోత్సవ సందర్భంగా జరిగిన మహిళా సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉపన్యాసాలు ఇచ్చే మనిషిని కాను. ముప్ఫై ఏళ్ళుగా చేతిలో ప్లయరు పట్టుకుని పూసలు అల్లుకుంటున్న మనిషిని. కార్యదర్శిగారు మా ఇంటికి వచ్చి, "మీకు తెలిసిన పని గురించి నాలుగు మాటలు చెప్పండి. కుట్టు క్లాసు పిల్లలు వింటారు" అన్నారు. మైకు ముందు నిలబడటం నా వల్ల కాదన్నాను. "అయితే కూర్చునే చెప్పండి" అన్నారు. ఇక తప్పించుకునే దారి లేకపోయింది. అందుకే ఇలా బల్ల ముందు కూర్చుని, ఇంటి నుంచి తెచ్చుకున్న ఈ డబ్బా తెరిచి మీతో మాట్లాడుతున్నాను. వెనక వరసల వాళ్ళకు కనబడకపోతే సభ అయిన తర్వాత దగ్గరకు వచ్చి చూడవచ్చు.

మొదట ఒక చిన్న సంగతి చెప్తాను. మన ఇళ్ళలో నిఖా రోజున పెళ్ళికూతురి మెడలో నల్లపూసల లచ్ఛా పడుతుంది గదా. మా అమ్మ లచ్ఛా పట్టుదారంతో గుచ్చినది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు ఒక రోజు ఆమె బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే ఆ దారం పుటుక్కున తెగింది. పూసలన్నీ బండ మీద చెల్లాచెదరైపోయాయి. చీకటి పడేదాకా నేనూ, మా అక్కా వంగి వంగి ఏరాము. అయినా కొన్ని దొరకనే లేదు. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు. పూస ఖరీదు ఎంతని? పైసలు. కాని ఆ దిగులు పైసలతో పోయేది కాదు.

దారం ఎందుకు తెగిందో పెద్దయ్యాక తెలిసింది. పూస రంధ్రం అంచు చూడటానికి నున్నగానే వుంటుంది. వేలితో తడిమితే ఏమీ తెలియదు. కాని నడిచినప్పుడల్లా, వంగినప్పుడల్లా ఆ అంచు దారాన్ని కొద్దికొద్దిగా కోస్తూనే వుంటుంది. మీ ఇంట్లో తస్బీహ్ చూడండి. 33 పూసలదైనా, 99 పూసలదైనా, తెగేది పూస కాదు, లోపలి దారమే. తీగతో అల్లితే ఒక పూస వూడినా మిగతావి చెదరవు, ఎందుకంటే ప్రతి పూసకూ దాని కట్టు దానికే వుంటుంది. నేను తీగ పని మీద మనసు పెట్టడానికి ఆ బావి గట్టే కారణం.

ఇప్పుడు పూసల మాట. మనం పూస అంటే చిన్న వస్తువు అనుకుంటాము. కాని దాని చరిత్ర చిన్నది కాదు. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరు వుంది. కరిగిన గాజును పొడుగాటి గొట్టంలా లాగి, దానిని సన్నగా తుంచి, మళ్ళీ వేడిచేసి అంచులు నున్నన చేసే పాత విద్య అక్కడ ఇటీవలి కాలం వరకూ నిలిచింది. అదే పద్ధతిలో చేసిన పూసలు పుదుచ్చేరి దగ్గరి అరికమేడు తవ్వకాల్లో దొరికాయి. అటువంటి పూసలే ఓడలెక్కి ఆఫ్రికా తీరం దాకా, తూర్పు ఆసియా దాకా పోయాయి. గుజరాత్‌లోని ఖంబాత్‌లో అకీక్ రాయిని కోసి, కాల్చి, సానబట్టి పూసలు చేస్తారు. కాల్చడం వల్ల ఆ రాయికి ఎర్రని రంగు దిగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని పుర్దిల్‌నగర్ గాజుపూసలకు పెట్టింది పేరు. హైదరాబాదు చార్మినారు పక్కన లాడ్ బజారు లక్క గాజుల సంగతి మీకు చెప్పనక్కరలేదు. వాటికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

ఇంత దూరం ఎందుకు, మన బందరు సంగతే చూడండి. చిలకలపూడి రోల్డుగోల్డు నగ తెలియని తెలుగు ఇల్లు లేదు. 1963 జనవరిలో కేంద్ర ప్రభుత్వం బంగారు నియంత్రణ తెచ్చి, కొత్త నగలు 14 క్యారెట్లకు మించి చేయరాదన్నది. 1968లో బంగారు నియంత్రణ చట్టం వచ్చింది. 1990లో ఆ చట్టం రద్దయింది. ఆ సంవత్సరాల్లో దేశమంతటా ఎందరో స్వర్ణకారులు పని పోగొట్టుకుని కష్టాలపాలయ్యారు. బంగారం అందని ఇళ్ళకు రాగి, ఇత్తడి మీద బంగారు పూత వేసిన నగే దిక్కయింది. ఈనాటికీ మన చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళలో ఆడవాళ్ళు గుమ్మం ముందు కూర్చుని గొలుసుల లింకులు కలుపుతారు, రాళ్ళు పొదుగుతారు. కనుక ఈ పని మనకు కొత్తగా ఎవరో వచ్చి నేర్పవలసినది కాదు. మన గుమ్మం ముందు వున్నదే.

ఇక పనిలోకి వద్దాము. కావలసిన సామాను చాలా తక్కువ. ఒకటి, గుండ్రమూతి ప్లయరు. దీని మూతి రెండు వైపులా సూదిగా, గుండ్రంగా వుంటుంది. తీగను చుట్టు తిప్పేది దీనితోనే. రెండు, చప్పటమూతి ప్లయరు. పట్టుకోవడానికీ, నొక్కడానికీ పనికివస్తుంది. దీని లోపలి వైపు గరుకు గీతలు లేనిది చూసి తీసుకోండి. గీతలున్నది తీగ మీద పంటిగాట్లు పెడుతుంది, పూత లేచిపోతుంది. మూడు, తీగ తెంపే కట్టరు. నాలుగు, సన్న ఆకురాయి. అయిదు, అంగుళాల టేపు. పాత దుప్పటి ముక్క ఒకటి బల్ల మీద పరుచుకుంటే పూసలు దొర్లిపోవు. ఇంతే సామాను.

తీగ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. అంగడిలో గేజి నంబరు చెప్తారు. నంబరు పెరిగినకొద్దీ తీగ సన్నబడుతుందని గుర్తు పెట్టుకోండి. గేజి కొలతలు రెండు మూడు రకాలు వున్నవి, ఒకరి ఇరవై ఇంకొకరి ఇరవై కాదు. అందుచేత మిల్లీమీటర్లలో అడగండి. కొక్కేలకూ, చెవికి పెట్టే వంపులకూ 0.8 మిల్లీమీటర్లు. పూసలు కలిపే చుట్లకు 0.6. సన్న ముత్యాలకూ, చిన్న నల్లపూసలకూ 0.4. చిన్నపూస రంధ్రంలో లావు తీగ బలవంతంగా దూర్చితే పూస పగిలిపోతుంది, పాపం దాని తప్పు ఏమీ లేదు.

మన పెద్దలు ఒక మాట అంటారు, కమ్మచ్చున లాగిన తీగలా అని. కంసాలి ఇనుప పలకలో పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి లాగుతూ తీగను సన్నం చేస్తాడు. ఆ పలకే కమ్మచ్చు. లాగినకొద్దీ తీగ బిరుసెక్కుతుంది. మళ్ళీ నిప్పుల్లో కాల్చి మెత్తబరుస్తాడు. మన చేతిలోనూ అదే జరుగుతుంది. ఒకే చోట తీగను అటూ ఇటూ నాలుగుసార్లు వంచారంటే అక్కడ బిరుసెక్కి తెగుతుంది. కొత్తగా నేర్చుకునే పిల్ల వంకర వచ్చిందని విప్పి మళ్ళీ చుడుతుంది, మళ్ళీ విప్పుతుంది. ఆ ముక్క ఆ రోజు తెగకపోయినా పెళ్ళింట్లో తెగుతుంది. చుట్టు తప్పు వస్తే ఆ ముక్క పక్కన పెట్టి కొత్త ముక్క తీసుకోండి. అందుకే మొదట నేర్చుకునేటప్పుడు పూత లేని వట్టి రాగి తీగ కొనుక్కోండి. చవక, మెత్తన, పాడైనా దిగులుండదు.

చెయ్యి రావలసిన పనులు మూడే.

మొదటిది చిన్న రింగు తెరవడం, మూయడం. ఇదేమి విద్య అని నవ్వకండి. వూడిపోయిన గొలుసు ఎవరు తెచ్చినా నేను ముందు చూసేది రింగు నోరే. రింగును రెండు వైపులా పట్టుకుని ఎడంగా లాగితే దాని గుండ్రం పోతుంది, మళ్ళీ సరిగా మూసుకోదు. తలుపు తెరిచినట్టు తెరవాలి. ఒక చివర మీ వైపుకు, రెండో చివర అవతలి వైపుకు తిప్పాలి. మూసేటప్పుడు మళ్ళీ అలాగే తిప్పి, కొంచెం దాటించి వెనక్కి తేవాలి. రెండు చివరలూ తాకినప్పుడు చిన్న చప్పుడు వినిపిస్తుంది. గోరు పెట్టి తడిమితే సందు తగలకూడదు. వెంట్రుక పట్టే సందు వుంటే అందులోంచి గొలుసు జారిపోతుంది.

రెండవది సాదా చుట్టు. పూసలోకి తీగ ఎక్కించి, పూసను ఆనుకుని తీగను నిలువు మడత పెట్టి, ఒక సెంటీమీటరు వుంచి తెంపి, గుండ్రమూతితో గుండ్రంగా తిప్పడం. రెండవ వైపూ ఇంతే. 6 మిల్లీమీటర్ల పూసకు ఒక అంగుళం తీగ సరిపోతుంది. ఇది జుంకీలకూ, బరువు లేని వాటికీ చాలు. ఎప్పుడూ ప్లయరు మూతిలో ఒకే చోట పట్టి తిప్పండి. అక్కడ స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకుంటే చుట్లన్నీ ఒకే కొలత వస్తాయి.

మూడవది కట్టు చుట్టు. అసలు పని ఇది. పూస పక్కన రెండు మిల్లీమీటర్ల మెడ వుంచి తీగను మడవాలి. గుండ్రమూతి మీదుగా చుట్టు తిప్పాలి. తర్వాత ఆ చుట్టును చప్పటమూతితో పట్టుకుని, మిగిలిన తీగను మెడ చుట్టూ రెండు మూడు వరసలు పక్కపక్కన బిగువుగా చుట్టాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. చివర తెంపి, ఆ మొనను చప్పటమూతితో లోపలికి నొక్కాలి. రెండవ వైపు చుట్టు మూయక ముందే పక్క పూసను అందులో తగిలించుకోవాలి. మరచిపోతే మళ్ళీ తెంపడం తప్ప దారి లేదు. నేను ఇప్పటికీ మరచిపోతుంటాను. దీనికి పూసకు మూడు అంగుళాల తీగ పడుతుంది. ఎక్కువ పడుతుందని పీనాసితనం చేయకండి. ఈ చుట్టు లాగినా వూడదు.

అన్నీ అయ్యాక హారాన్ని పాత నైలాను చున్నీ మీద రాయండి. దారం పోగు లాగిందా, ఎక్కడో మొన బయటికి వున్నట్టే. ఆకురాయితో నున్నన చేయండి. మనం చేసిన నగ ఎవరి మెడనూ గీరకూడదు, ఎవరి బట్టనూ చింపకూడదు.

కొలతల మాట. మెడకు పట్టినట్టు వుండాలంటే 16 అంగుళాలు, కంఠం కిందికి 18, రొమ్ము మీదికి 24. 16 అంగుళాల హారం పూసలే వరసగా గుచ్చితే 8 మిల్లీమీటర్లవి దాదాపు 50, 6 మిల్లీమీటర్లవి దాదాపు 68, 4 మిల్లీమీటర్లవి దాదాపు 100 పడతాయి. అంగడికి పోయే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకుంటే సంచీ నిండా పనికిరాని పూసలు తెచ్చుకోము.

ఇప్పుడు నా తప్పు ఒకటి మీ అందరి ముందు చెప్పుకోవాలి. చెప్పకుండా దాటవేస్తే ఈ ప్రసంగానికి అర్థం లేదు.

చాలా ఏళ్ళ క్రితం రంజానుకు ముందు ఒక అంగడి నుంచి నాకు అయిదు డజన్ల జుంకీలు ఆర్డరు వచ్చింది. అప్పటికి అదే నాకు పెద్ద ఆర్డరు. తీగ మంచిది తెచ్చాను, పూసలు మంచివి తెచ్చాను. చెవికి పెట్టే కొక్కేలు మాత్రం చవకగా వచ్చాయని కిలో లెక్కన అమ్మే చోట తెచ్చాను. తెల్లగా, వెండిలా మెరుస్తున్నవి. సరుకు ఇచ్చేశాను. మిగిలిన ఒక జత మా చెల్లెలి కూతురికి పెట్టాను. మూడో రోజుకు ఆ పిల్ల చెవి తమ్మె ఎర్రబడి, దురద పెట్టి, నీరు కారింది. చర్మ డాక్టరుగారు చూసి నికెల్ పడలేదన్నారు.

చవక నగల్లో నికెల్ సర్వసాధారణం. పూత కింద పూతగా వేస్తారు, లోహంలోనూ కలుపుతారు. జర్మన్ సిల్వరు అని పేరే గాని అందులో వెండి అణువంత లేదు, రాగి, జింకు, నికెల్. ఎన్నో వేలమంది చర్మానికి ఇది పడదు. ఒకసారి పడలేదంటే జన్మంతా పడదు. ఐరోపా దేశాలు 1994లోనే చర్మానికి తగిలే వస్తువుల్లో నికెల్‌కు హద్దు పెట్టాయి.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. అంగడివాడికి ఈ సంగతి తెలియదు. కొన్నవాళ్ళకు మా ఇల్లు తెలియదు. నోరు మూసుకుని వూరుకుంటే పండుగ ఖర్చు గడిచిపోతుంది. కాని యాభై చెవులు నా కళ్ళ ముందు కనిపించాయి. అవి ఎవరి చెల్లెళ్ళవో, ఎవరి కూతుళ్ళవో. తెల్లవారగానే పోయి అమ్ముడుపోని జతలన్నీ వెనక్కి తెచ్చుకున్నాను. అమ్ముడుపోయినవి ఎవరైనా తెస్తే డబ్బు నేను ఇస్తానని చెప్పాను. పదకొండు జతలు వచ్చాయి. ఆ పండుగకు మా ఇంట్లో కొత్త బట్టలు లేవు. అంగడివాడు నాలుగు మాటలన్నాడు, పడ్డాను. కాని మరుసటి ఏడు అదే అంగడివాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

కనుక చెవికి తగిలే కొక్కెం, శీల, వీటి దగ్గర పొదుపు చేయకండి. వెండిది గాని, మంచి సర్జికల్ స్టీలుది గాని పెట్టండి. కొత్తగా కుట్టిన చెవికి ఇమిటేషన్ అసలే పెట్టవద్దని కొనేవాళ్ళకు నోటితో చెప్పండి. గొలుసు కొనేటప్పుడు చిన్న అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుందంటే లోపల ఇనుము వున్నట్టే అనుకోండి, చెమటకు తుప్పు పడుతుంది. పూత నగకు అత్తరు, చెమట, సబ్బు నీరు మూడూ శత్రువులు. అత్తరు ముందు, నగ తర్వాత. తీసిన తర్వాత మెత్తటి గుడ్డతో తుడిచి కవరులో పెట్టుకోమనండి. పిల్లల సంగతి వేరే చెప్పాలా? పాకే బిడ్డ వున్న ఇంట్లో నేల మీద కూర్చుని పూసల పని చేయవద్దు. పూస ముక్కులోకి పోతుంది, గొంతులోకి పోతుంది. చవక నగల్లో సీసం, కాడ్మియం కూడా వుంటాయి. పిల్లలు అన్నీ నోట్లో పెట్టుకుంటారు. అందుచేత చంటిపిల్లలకు ఇటువంటి నగలు చేసి అమ్మకండి, ఎవరడిగినా సరే.

ఇక చివరి సంగతి. నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. మజూరీ లెక్క.

మా ఖాలా ఒకామె ఇరవై ఏళ్ళు గొలుసు లింకులు కలిపింది. గ్రోసుల లెక్కన పని. గ్రోసు అంటే 144. చదువు రాదు. ఒక గ్రోసు అయితే ఒక పూస హార్లిక్సు సీసాలో వేసుకునేది. శనివారం ఆ పూసలు లెక్కపెట్టుకుని పోయేది. యజమాని తన పుస్తకం తీసి, ఇంత తరుగు, ఇంత పాడు అని కోసి, మిగిలింది చేతిలో పెట్టేవాడు. సీసా లెక్కకూ పుస్తకం లెక్కకూ ఎన్నడూ కలవలేదు. ఆమె ఎన్నడూ గట్టిగా అడగలేదు. అడిగితే పని పోతుందని భయం. పోనీ, అది అలా వుంచండి. ఆమె గ్రోసులు లెక్కపెట్టింది గాని గంటలు ఎన్నడూ లెక్కపెట్టలేదు. కళ్ళు మసకబారి పని మానిన తర్వాత నేను కూర్చుని లెక్క కట్టి చూశాను. ఆమెకు గంటకు పడిన కూలి చెప్తే మీరు నమ్మరు. ఆమె విని, "అంతేనా బేటీ?" అన్నది. ఇంకేమీ అనలేదు.

అందుకని ఒక హారం లెక్క మీ ముందు కడతాను. ధరలు ఊరిని బట్టి, రోజును బట్టి మారతాయి. ధర కాదు, లెక్క కట్టే తీరు చూడండి.

18 అంగుళాల హారం అనుకుందాము. మధ్యలో 6 మిల్లీమీటర్ల పూసలు 12, కట్టు చుట్టుతో కలిపితే ఏడు అంగుళాలు వస్తుంది. రెండు పక్కలా అయిదేసి అంగుళాల గొలుసు. కొలికి, రింగులు కలిసి ఒక అంగుళం. తీగ పూసకు మూడు అంగుళాల చొప్పున మూడు అడుగులు. పూసలకు 20 రూపాయలు, తీగకు 10, గొలుసుకు 25, కొలికికీ రింగులకూ 8, డబ్బాకు 7 అనుకోండి. సామాను 70 రూపాయలు. బస్సు ఛార్జీలు, పాడైన ముక్కలు, ప్లయరు అరుగుదల, వీటికి హారానికి 15. మొత్తం 85.

పని చెయ్యి తిరిగిన వాళ్ళకు పూసకు నాలుగు నిమిషాల లెక్కన 48 నిమిషాలు, కూర్చడానికి 12 నిమిషాలు. అంటే గంట. మీ గంటకు 60 రూపాయలు కట్టుకుంటే హారం 145 రూపాయలు. అంగడివాడు 100కు ఇమ్మంటాడు. మనం ఏమంటాము? "సామాను డెబ్భై గదా, ముప్ఫై మిగిలింది" అని సంతోషిస్తాము. మిగిలింది ముప్ఫై కాదు. బస్సు ఛార్జీ, పాడైన ముక్కలు తీసేస్తే 15. గంటసేపు నడుము వంచి, కళ్ళు చిట్లించి చేసిన పనికి పదిహేను రూపాయలు.

ఇంట్లో కూర్చునే చేస్తున్నాము గదా, ఖాళీ టైమే గదా అంటారు కొందరు. ఆడదానికి ఖాళీ టైము ఎక్కడ వున్నదో నాకు ఎవరైనా చూపించండి. అది నిద్ర నుంచి తీసిన గంట, బిడ్డ చదువు చూడవలసిన గంట. దానికి ఖరీదు లేదని మనమే అంటే అంగడివాడు ఎందుకు కడతాడు?

కనుక ఒక నోటుబుక్కు పెట్టుకోండి. ఎడమ పక్క సామాను, కుడి పక్క గంటలు. రాయడం రాని వాళ్ళకు ఇంట్లో చదువుకునే పిల్ల రాసి పెడుతుంది. సరుకు ఇచ్చేటప్పుడు ఎన్ని ఇచ్చామో, ఏ రేటో చీటీ మీద రాయించి సంతకం తీసుకోండి. తరుగు ఎంతో ముందే మాట్లాడుకోండి. వాట్సాప్‌లో ఫోటో పెట్టి అమ్మే వాళ్ళు సగం డబ్బు ముందు తీసుకోనిదే తీగ తెంపకండి. ప్రభుత్వం 2021లో అసంఘటిత కార్మికుల కోసం ఈ-శ్రమ్ నమోదు మొదలుపెట్టింది. ఇంటి పట్టున పనిచేసే వాళ్ళకూ అది వర్తిస్తుంది. నమోదుకు రుసుము లేదు. సొంతంగా సరుకు అమ్మేవాళ్ళకు ఉద్యమ్ నమోదు వుంది, అదీ ఉచితమే. వీటికి ఎవరైనా డబ్బు అడిగితే మన సంఘం ఆఫీసుకు వచ్చి చెప్పండి.

కళ్ళు జాగ్రత్త. పగటి వెలుగులో, కిటికీ దగ్గర కూర్చోండి. దీపం ఎడమ చేతి వైపు వుంటే కుడిచేతి నీడ పని మీద పడదు. అరగంటకొకసారి తల ఎత్తి దూరంగా చెట్టునో, మసీదు మినారునో చూడండి. తీగ తెంపేటప్పుడు చేయి అడ్డం పెట్టుకోండి, ముక్క ఎగిరి కంట్లో పడుతుంది. మా ఖాలా కళ్ళు నాకు ఇంకా గుర్తున్నాయి.

ఇప్పుడు సంఘం పెద్దలకు రెండు మనవులు. మొదటిది, కుట్టు మిషన్ల పక్కన ఒక బల్ల, నాలుగు జతల ప్లయర్లు, ఒక మంచి దీపం పెట్టించండి. తీగ, గొలుసు పదిమందికి కలిపి కొంటే చుట్ట ధరకు వస్తుంది, విడిగా కొంటే మూర ధర పడుతుంది. రెండవది, ఒక్కొక్క ఆడపిల్ల విడివిడిగా పోయి బేరం చేస్తే అంగడివాడిదే పైచేయి. సంఘం పేరుతో ఒక రేటు పట్టిక వేసి ఇవ్వండి. మా సంఘం రేటు ఇది అని చూపించడానికి ఆ పిల్ల చేతిలో ఒక కాగితం వుంటుంది.

ఇళ్ళల్లోని మగవాళ్ళకు ఒక్క మాట, కోపం తెచ్చుకోకండి. ఆమె సంపాదించిన డబ్బు ఆమె చేతిలో వుండనివ్వండి. అది ఎక్కడికీ పోదు. మందులకు, స్కూలు ఫీజుకు, మీ చొక్కాకే వస్తుంది. కాని ఆమె చేతి మీదుగా రావాలి.

చివరగా ఈ డబ్బాలోది ఒకటి చూపించి ముగిస్తాను. ఇది మా అమ్మ లచ్ఛా. బావి గట్టు మీద ఏరినవి పోగా, తగ్గిన పూసలకు కొత్తవి కలిపి, ప్రతి పూసకూ తీగ కట్టు వేసి నేనే అల్లాను. కొత్త పూసలు ఏవో తెలుస్తూనే వున్నాయి, వాటి నలుపు వేరు. దీన్ని ఆమె పోయేదాకా మెడలో వేసుకుంది. ఇన్నేళ్ళలో ఒక్క కట్టూ విడలేదు. దీనికి నేను మజూరీ లెక్క వేయలేదు. ఇదొక్కటే లెక్క లేని పని. మిగతా వాటన్నిటికీ లెక్క వుండాలి.

నా మాటల్లో పొరపాటు వుంటే పెద్దలు మన్నించాలి.  ఎవరైనా నేర్చుకోవాలనుకుంటే ఇప్పుడే ఈ బల్ల దగ్గరకు రండి. వట్టి రాగి తీగ చుట్ట ఒకటి తెచ్చాను. అది అయిపోయేదాకా నేను ఇంటికి పోను.

ఖుదా హాఫిజ్.